పాత పికప్‌లో పోయిన గాలిని వెతికి పట్టుకోవడం

సైలెన్సర్‌లోంచి వచ్చే నల్లపొగ సగం కాలిన డీజిల్. బంకులో డబ్బు కట్టి పోయించుకున్నది చక్రాలు తిప్పకుండానే గాల్లో కలిసిపోతోందన్నమాట. మదనపల్లె మార్కెట్‌లో టమాటా ట్రేలు ఎత్తుకుని బయల్దేరిన పదేళ్ల పికప్, ఎత్తు రాగానే థర్డ్ నుంచి సెకండ్‌కు దిగిపోయి, వెనక వచ్చే బైకులకు దారి కనపడనంత పొగ తోలుతుంది. షెడ్డుకు తీసుకెళ్తే చాలాచోట్ల మొదట వినిపించే మాట "పంపు కాస్త పెంచుదాం" అని. అంటే ఇంజిన్‌కు వెళ్లే డీజిల్ పెంచడం. ఉన్న డీజిలే కాలడానికి గాలి చాలనప్పుడు ఇంకాస్త పోస్తే పొగ పెరుగుతుంది, వేడి పెరుగుతుంది. లాగుడు కొన్నాళ్లు బాగున్నట్టే అనిపించి, తర్వాత హెడ్డో పిస్టనో ఖర్చు పెట్టిస్తుంది.

పాత టర్బో (పొగ బలంతో తిరిగి ఇంజిన్‌లోకి గాలి కుక్కే చక్రం) డీజిల్ బండి బలం కోల్పోవడానికి ఎక్కువసార్లు కారణం గాలి తగ్గడమే. ఆ తగ్గుదల కూడా ఒక్కచోట ఉండదు. ఫిల్టర్‌లో కొంత, హోస్ పైపు చీలికలో కొంత, గాలిని సిలిండర్లకు పంచే మానిఫోల్డ్ మసిలో కొంత, సైలెన్సర్‌లో కొంత. అందుకే ఒక్క పార్టు మార్చి "ఏమీ తేడా లేదు" అనుకునేవాళ్లు అంతమంది.

లెక్క ఒకసారి చూస్తే గాలి విలువ తెలుస్తుంది. లీటరు డీజిల్ బరువు దాదాపు 830 గ్రాములు. అది పూర్తిగా కాలాలంటే దాని బరువుకు పద్నాలుగున్నర రెట్లు, అంటే 12 కిలోల గాలి కావాలి. 35 డిగ్రీల ఎండలో 12 కిలోల గాలి అంటే సుమారు 10,500 లీటర్లు. అదీ ప్రతి డీజిల్ చుక్కకూ గాలి సమానంగా అందితేనే. సిలిండర్‌లో అలా ఎప్పుడూ అందదు కాబట్టి పొగ రాకుండా ఉండాలంటే ఇంకో మూడో వంతు పైనే కావాలి. లీటరు డీజిల్‌కు 14, 15 వేల లీటర్ల గాలి అనుకోవచ్చు.

ఇక తాగే వైపు. మన రోడ్ల మీద ఎక్కువగా తిరిగే బొలెరో పికప్‌నే తీసుకుందాం. బీఎస్4 (పాత కాలుష్య ప్రమాణం) కాలపు ఎం2డీఐసీఆర్ ఇంజిన్ 2523 సీసీ, నాలుగు సిలిండర్లు, 63 హార్స్‌పవర్, 195 న్యూటన్ మీటర్ల టార్క్. నాలుగు స్ట్రోకుల ఇంజిన్ రెండు చుట్లకోసారి తన సీసీ అంత గాలి పీలుస్తుంది. 3000 ఆర్పీఎం దగ్గర నిమిషానికి 1500 సార్లు 2.5 లీటర్ల చొప్పున, దాదాపు 3,800 లీటర్లు. టర్బో దానిమీద ఇంకా కుక్కుతుంది. ఇంత గాలి కాగితపు ఫిల్టర్ దాటి, సన్నటి గొట్టాలు తిరిగి, టర్బో చక్రం గుండా లోపలికి చేరాలి. దారిలో ఎక్కడ పదిశాతం పోయినా ఆ మేరకు బలం పోతుంది.

ముందు ఇంజిన్ ఊపిరి పట్టగలదో లేదో చూడాలి

గాలి దారి మీద రూపాయి ఖర్చు పెట్టే ముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది, ఉచితం. ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో ఉంచి, ఆయిల్ పోసే మూత విప్పి, దాన్నే తిరగేసి రంధ్రం మీద ఊరికే పెట్టండి. కొద్దిగా వణికితే ఫరవాలేదు. ఎగిరెగిరి పడుతూ, పక్కల నుంచి నీలిపొగ గుప్పుగుప్పున వస్తుంటే రింగులు అరిగి, సిలిండర్‌లో నొక్కిన గాలి కిందికి జారిపోతోందని అర్థం. ఈ మూత పరీక్ష తీర్పు కాదు, అనుమానం మాత్రమే. ఇంజిన్ లోపలి ఆవిరిని బయటికి వదిలే బ్రీదర్ పైపు మూసుకుపోయినా మూత ఇలాగే ఎగురుతుంది కాబట్టి ముందు దాన్ని విప్పి ఊది చూడాలి.

అనుమానం బలంగా ఉంటే సిలిండర్‌లో గాలి ఎంత నొక్కుకుంటోందో కొలిచే కంప్రెషన్ గేజ్ పెట్టించాలి. బ్యాటరీ ఫుల్ చార్జ్‌లో ఉండాలి, ఇంజిన్ వేడిగా ఉండాలి, ఎయిర్ ఫిల్టర్ తీసేయాలి. నాలుగు సిలిండర్లకూ ఒకే పద్ధతిలో స్టార్టర్ తిప్పాలి. మాన్యువల్‌లో ఇచ్చిన కనీస అంకెతో పోల్చడం ఒకటి, సిలిండర్ల మధ్య తేడా 10 శాతం దాటిందేమో చూడడం ఇంకొకటి. ఈ రెండో లెక్కే ఎక్కువ విషయం చెబుతుంది. నాలుగూ సమానంగా కాస్త తక్కువుంటే ఇంజిన్ అరుగుదలలో ఉంది, ఇంకా నడుస్తుంది. ఒక్కటి మాత్రమే పడిపోతే వాల్వ్ కాలిందో, హెడ్ గ్యాస్కెట్ పోయిందో, ఒక పిస్టన్ రింగు విరిగిందో. నిజంగా సిలిండర్లు అరిగి బోరుకొచ్చిన ఇంజిన్‌కు ఎంత మంచి ఫిల్టర్ వేసినా, ఎంత టర్బో మార్చినా డబ్బు దండగ. అది బోర్ పని అడుగుతోంది, ఆ పనే చేయించాలి.

కంప్రెషన్ బాగుంటే తర్వాతి ప్రశ్న: బలం తగ్గినప్పుడు పొగ ఉందా, లేదా?

బలం లేదు, నల్లపొగ ఉంది అంటే గాలి తక్కువ, లేదా నాజిల్ డీజిల్‌ను సరిగ్గా చిమ్మడం లేదు. బలం లేదు, పొగా లేదు అంటే డీజిలే అందడం లేదు. డీజిల్ ఫిల్టర్, ట్యాంకు నుంచి వచ్చే పైపు, ఫీడ్ పంపు చూడాలి. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం వెతుకులాట తగ్గుతుంది. అయితే కంప్యూటర్ అదుపులో డీజిల్ చిమ్మే కామన్ రైల్ బండ్లకు ఒక మినహాయింపు. గాలి తగ్గినట్టు సెన్సర్లు పట్టేస్తే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) తనంతట తానే డీజిల్ కోసేస్తుంది. అప్పుడు లోపం గాలిదే అయినా పొగ కనపడదు. అలాంటి బండికి స్కానర్ పెట్టకుండా తీర్పు చెప్పకూడదు. నీలిపొగ సంగతి వేరు, అది ఇంజిన్ ఆయిల్ కాలడం.

ఇంజిన్‌ను అనే ముందు ఇంకొకటి. జాకీ ఎత్తి నాలుగు చక్రాలూ చేత్తో తిప్పి చూడండి. పట్టేసిన బ్రేకు, గాలి తగ్గిన టైరు, జారుతున్న క్లచ్ కూడా "బండి లాగడం లేదు" అనే అనిపిస్తాయి. ఆర్పీఎం పెరుగుతూ స్పీడు పెరగకపోతే అది క్లచ్.

ఫిల్టర్: కంటితో చూసి చెప్పలేనిది

కాగితం ఫిల్టర్ నల్లగా ఉంటే చెడినట్టూ, తెల్లగా ఉంటే బాగున్నట్టూ అనుకోవడం అలవాటు. రంగుకీ గాలి దారికీ సంబంధం తక్కువ. క్వారీ దుమ్ము, బియ్యం మిల్లు ఊకపొడి లేత రంగులోనే ఉండి కాగితం సందులన్నీ మూసేస్తాయి. పొగమసి కొద్దిగా పట్టినా నల్లగా కనిపిస్తుంది, గాలి మాత్రం పోతూనే ఉంటుంది. కొలిస్తేనే తెలుస్తుంది, కొలవడానికి మేస్త్రీలు గోడ మట్టం చూసే లెవల్ ట్యూబు చాలు.

పారదర్శకంగా ఉండే ఆ ట్యూబును ఒక చెక్కకు యు ఆకారంలో బిగించండి. రెండు కాళ్లూ నీటి మట్టానికి పైన కనీసం మీటరు ఉండాలి. రంగు కలిపిన నీళ్లు సగం దాకా పోయండి. ఒక కొస గాలికి వదిలేసి, రెండో కొసను ఫిల్టర్‌కూ టర్బోకూ మధ్య ఉన్న పైపుకు కలపండి. కొన్ని బండ్లలో అక్కడ సర్వీస్ ఇండికేటర్ కోసం చిన్న ముక్కు ఉంటుంది. లేకపోతే ఫిల్టర్ డబ్బా బయటికెళ్లే వైపు, శుభ్రమైన గాలి ఉండే గదికి, చిన్న రంధ్రం వేసి ముక్కు బిగించుకోవచ్చు. రంధ్రం వేసేటప్పుడు డబ్బా విప్పి బయట పెట్టి వేయాలి, చెత్త తుడవాలి. ట్యూబును క్యాబిన్‌లోకి తెచ్చుకుని, లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, పక్కన కూర్చున్నవాళ్లు రెండు కాళ్ల నీటి మట్టాల మధ్య తేడా చదవాలి. నిలబెట్టి రేస్ చేస్తే సరిపోదు. లోడు లేనిదే టర్బో పూర్తిగా లాగదు.

టర్బో డీజిల్‌కు సాధారణంగా పాటించే హద్దు 25 అంగుళాల నీరు, అంటే రెండు మట్టాల మధ్య 63 సెంటీమీటర్లు. అది దాటితే ఫిల్టర్ మార్చాలి. కొత్త ఫిల్టర్ వేశాక కూడా తేడా పెద్దగా తగ్గకపోతే లోపం కాగితంలో లేదు, దానికి ముందున్న పైపులో ఉంది. ఎలుకలు గూడు పెట్టడం, పాలిథిన్ కవర్ చుట్టుకోవడం, యాక్సిడెంట్ రిపేర్‌లో పైపు నలిగిపోవడం మామూలే. తేడా 63 సెంటీమీటర్లు ఉన్నప్పుడు ఇంజిన్ వైపు నీరు మొదటి మట్టం నుంచి 32 సెంటీమీటర్లే లేస్తుంది. మీటరు కాలు ఎందుకు కావాలన్నామంటే, పొట్టి ట్యూబైతే నీళ్లు టర్బోలోకి పోతాయి.

గాలి కొట్టి శుభ్రం చేయడంలో ఎక్కువ ఫిల్టర్లు చచ్చేది పంక్చర్ షాపులో. అక్కడి గాలి 100 పీఎస్‌ఐ పైనే ఉంటుంది, ముక్కు కాగితానికి ఆనించి కొడతారు. 30 పీఎస్‌ఐ దాటకూడదు, ముక్కు కనీసం అంగుళం దూరంలో ఉండాలి, గాలి ఎప్పుడూ లోపలి నుంచి బయటికి వెళ్లాలి. నేలకేసి కొట్టడం అసలు వద్దు, ఇనుప అంచు వంకరపోయి రబ్బరు సీలు కూర్చోదు. కొట్టాక చీకట్లో లోపల బల్బు పెట్టి చుట్టూ తిప్పి చూడండి. సూదిమొన అంత వెలుగు కనిపించినా ఆ ఫిల్టర్ పారేయాలి. మూసుకుపోయిన ఫిల్టర్ బలం తగ్గిస్తుంది, చిల్లుపడిన ఫిల్టర్ ఇంజిన్‌నే తినేస్తుంది. సన్నటి ఇసుక పొడి టర్బో చక్రం అంచులు అరగదీసి, ఆయిల్‌తో కలిసి రింగులను సానపట్టినట్టు పడుతుంది. లోపల చిన్న సేఫ్టీ ఫిల్టర్ ఉన్న బండ్లలో దాన్ని కడగకూడదు, ఊదకూడదు, మార్చడమే.

గాలి ఎక్కువ వదులుతాయని అమ్మే నూనె పూసిన కాటన్ ఫిల్టర్ల గురించి తరచూ అడుగుతారు. శుభ్రంగా ఉన్న కాగితం ఫిల్టర్ పికప్ ఇంజిన్‌కు కావలసినంత గాలి వదులుతుంది. అందులో మిగిలే లాభం నామమాత్రం. గ్రానైట్ క్వారీలు, ఇటుక బట్టీలు, మట్టిరోడ్ల మీద తిరిగే బండికి దుమ్ము ఆపడమే ముఖ్యం, ఆ పనిలో కాగితమే మేలు. పైగా నూనె ఎక్కువ పూస్తే అది లోపలికెళ్లే గాలిని కొలిచే ఎయిర్ మాస్ సెన్సర్ తీగ మీద పేరుకుని తప్పు లెక్క చూపిస్తుంది.

ఫిల్టర్ డబ్బాకు రంధ్రాలు వేయడం ఇంకో అలవాటు. శబ్దం పెరుగుతుంది, బలం తగ్గుతుంది. కంపెనీ పైపు బయటి చల్లగాలి కోసం ఫెండర్ వైపు పెట్టింది. రంధ్రం వేస్తే బానెట్ కింది వేడిగాలి వస్తుంది. 40 డిగ్రీల గాలి 65 డిగ్రీలైతే దాని సాంద్రత ఏడు శాతానికి పైగా పడిపోతుంది. ఊడిపోయిన కంపెనీ పైపును తిరిగి పెట్టడమే చాలా బండ్లలో మొదటి లాభం.

టర్బో దాటాక కారిపోయే గాలి

టర్బోకు ముందు చీలిక ఉంటే దుమ్ము లోపలికి పోతుంది. టర్బో తర్వాత చీలిక ఉంటే నొక్కిన గాలి బయటికి పోతుంది. లోడు మీద ఎక్కేటప్పుడు 'స్స్' అని ఈల, వెంటనే నల్లపొగ వస్తే ఇదే. హోస్ పైపు కింది వైపు, క్లాంపు నొక్కినచోట చీలుతుంది. ఐడిల్‌లో చూస్తే బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, ఒత్తిడి వచ్చినప్పుడే నోరు తెరుస్తుంది. అందుకే కళ్లతో వెతకడం కన్నా గాలి నింపి వెతకాలి.

దానికి సామాను ప్లంబింగ్ షాపులోనూ టైరు షాపులోనూ దొరుకుతుంది. టర్బో నోటి హోస్‌కు సరిపోయే పీవీసీ ఎండ్ క్యాప్ ఒకటి, దాని మధ్యలో బిగించే ట్యూబ్‌లెస్ టైరు వాల్వ్ ఒకటి. ఇంజిన్ ఆపి, చల్లారాక, ఫిల్టర్ వైపు పైపు విప్పి టర్బో నోటికి ఈ క్యాప్ గట్టి క్లాంపుతో బిగించాలి. అదే పైపులోకి వచ్చే బ్రీదర్ గొట్టాన్ని విడిగా మూయాలి. ఆయిల్ మూత తీసి పెట్టాలి, లేకపోతే లోపలికి జారిన గాలి క్రాంక్‌కేస్‌ను (ఇంజిన్ కింది గదిని) ఉబ్బించి సీళ్లు తోసేస్తుంది. రెగ్యులేటర్ పెట్టి 10 నుంచి 15 పీఎస్‌ఐ వరకు మాత్రమే నింపాలి. క్యాప్‌కు ఎదురుగా మొహం పెట్టకూడదు, జారితే రాయిలా వచ్చి తగులుతుంది. ఇప్పుడు సబ్బునీళ్లు పూస్తూ వెళ్లండి: టర్బో బయటి హోస్, ఇంటర్‌కూలర్ (టర్బో నొక్కిన గాలిని చల్లబరిచే రేడియేటర్) రెండు కొసలు, దాని ప్లాస్టిక్ ట్యాంకు అల్యూమినియంతో కలిసే మడత, ఈజీఆర్ (కొంత పొగను తిరిగి ఇంజిన్‌లోకి పంపే వాల్వ్) గ్యాస్కెట్, మానిఫోల్డ్ గ్యాస్కెట్, బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి) సెన్సర్ ఓ-రింగ్. కొంత గాలి ఎప్పుడూ తెరిచి ఉన్న వాల్వ్ గుండా సైలెన్సర్‌లోకో ఆయిల్ రంధ్రంలోకో పోతుంది, అది లెక్కలోకి రాదు. మరీ ఎక్కువ పోతుంటే క్రాంక్‌ను కాస్త తిప్పి మళ్లీ చూడాలి.

చీలిన హోస్‌కు ట్యూబ్ రబ్బరు చుట్టి తీగ కట్టడం ఊరు చేరడానికే. వేడికి, ఆయిల్‌కు ఆ కట్టు నిలవదు. కొత్తది వేసేటప్పుడు పైపు అంచు మీది ఆయిల్ జిడ్డు పూర్తిగా తుడిచి, అంచు గుబ్బ దాటాకే క్లాంపు పడేలా చూడాలి. గుబ్బ మీదే బిగిస్తే మొదటి ఘాట్‌లోనే ఊడొస్తుంది.

టర్బో దగ్గర భయం ఎక్కువ, పరీక్ష తేలిక. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు నోటి పైపు విప్పి చక్రాన్ని వేలితో తిప్పండి. ఎక్కడా రాసుకోకుండా తిరగాలి. పక్కలకు కొంచెం ఆట ఉంటుంది, అది ఆయిల్ పొర కోసం వదిలిన సందు. ముందుకూ వెనక్కీ లాగితే వేలికి తెలిసేంత ఆట ఉండకూడదు. రెక్కల అంచులు అరిగి గుండ్రంగా కనిపించినా, టర్బో డబ్బా గోడ మీద గీతలు పడినా కోర్ (షాఫ్టు, చక్రాలున్న మధ్య భాగం) మార్చాల్సిందే. షాఫ్టు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. ఆ వేగంలో సరిచేసుకునే అవకాశం ఉండదు.

హోస్‌లో పలుచటి ఆయిల్ పొర మామూలే, అది బ్రీదర్ నుంచి వస్తుంది. వంచితే కారేంత ఉంటే టర్బో సీలును తిట్టే ముందు టర్బో నుంచి కిందికి దిగే ఆయిల్ పైపు విప్పి చూడండి. గ్యాస్కెట్ బదులు సిలికాన్ పేస్టు పూసి బిగించిన చోట ఆ పేస్టు ముద్ద లోపలికి పొడుచుకొచ్చి దారి మూస్తుంది. దిగలేని ఆయిల్ సీలు దాటుతుంది. టర్బో మార్చినా నెలకే మళ్లీ ఆయిల్ కొట్టడానికి ఇదొక పెద్ద కారణం. కొత్త టర్బో బిగించాక ఆయిల్ వచ్చే రంధ్రంలో శుభ్రమైన ఆయిల్ పోసి, స్టార్ట్ కానివ్వకుండా ఆయిల్ లైటు ఆరేదాకా స్టార్టర్ తిప్పాలి. ఎండిన బేరింగు పాడవడానికి మొదటి కొన్ని సెకన్లే చాలు.

వేస్ట్‌గేట్ అంటే బూస్ట్ హద్దు దాటకుండా పొగను టర్బో పక్కనుంచి వదిలే తలుపు, దాన్ని కదిపేది యాక్చువేటర్. దీని సంగతి రెండు రకాలు. ఆ తలుపు తుప్పుపట్టి తెరుచుకునే ఉండిపోతే బూస్ట్ రాదు, బండి టర్బో లేనట్టు లాగుతుంది. గాలి ఒత్తిడితో తెరుచుకునే రకంలో దాని సన్న గొట్టం చిరిగితే ఉల్టా, తలుపు తెరుచుకోదు, బూస్ట్ హద్దు దాటుతుంది. కొందరు ఆ గొట్టాన్ని కావాలనే పీకేస్తారు. రెండు రోజులు విమానంలా అనిపిస్తుంది, టర్బో వేగం అదుపు తప్పుతుంది. అది ఎవరు చెప్పినా చేయకండి.

వేడి, ఇంటర్‌కూలర్, మసి

40 డిగ్రీల గాలిని టర్బో 0.8 బార్ నొక్కితే అది 120 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. వేడి గాలి పలుచన. ఇంటర్‌కూలర్ దాన్ని 65 డిగ్రీలకు దింపితే అదే ఒత్తిడిలో 17 శాతం దాకా ఎక్కువ గాలి పడుతుంది. ఇంటర్‌కూలర్ ఉన్న బండి యజమానికి దీనంత చవకైన బలం ఇంకొకటి లేదు, కానీ రేడియేటర్ కడిగినవాళ్లు కూడా దీన్ని వదిలేస్తారు. ఆదిలాబాద్ వైపు పత్తి నూగు, గోదావరి జిల్లాల్లో వరి పొట్టు రెక్కల మధ్య చాపలా పరుచుకుంటాయి. ఇంజిన్ వైపు నుంచి బయటికి, మామూలు పంపు నీళ్లతో, మెత్తటి బ్రష్షుతో కడగాలి. కార్ వాష్ గన్ దగ్గరగా పెడితే సన్న రెక్కలు పడుకుంటాయి, అప్పుడు గాలి అసలే దూరదు.

లోపలి వైపు ఆయిల్ పేరుకుంటే విప్పి కిరోసిన్ పోసి ఊపి, పారబోసి, మళ్లీ పోసి శుభ్రం చేయాలి. తర్వాత నిటారుగా ఎండలో పెట్టి పూర్తిగా ఆరనివ్వాలి. ఇక్కడ తొందరపడితే ప్రాణం మీదికొస్తుంది. లోపల మిగిలిన కిరోసిన్‌నో ఆయిల్‌నో ఇంజిన్ గాలితోపాటు పీల్చుకుంటే, తాళం ఆపినా ఆగకుండా ఆర్పీఎం పెరుగుతూనే పోతుంది. అలా జరిగితే గాలి నోటిని చెక్కతోనో మందపాటి పలకతోనో మూయడమే దారి. చేయి మాత్రం అడ్డం పెట్టకూడదు.

ఈజీఆర్ ఉన్న బండ్లలో ఇన్‌టేక్ మానిఫోల్డ్ విప్పి చూస్తే నమ్మబుద్ధి కాదు. వెనక్కి పంపిన పొగలోని మసి, బ్రీదర్ నుంచి వచ్చిన ఆయిల్ ఆవిరి కలిసి తారులా గట్టిపడతాయి. రెండు వేళ్లు దూరాల్సిన రంధ్రంలో ఒక వేలు కూడా దూరదు. శుభ్రం చేయాలంటే మానిఫోల్డ్ హెడ్ నుంచి విప్పాల్సిందే. బండి మీదే ఉంచి గీకితే రాలిన గట్టి ముక్క వాల్వ్ కింద ఇరుక్కుంటుంది. విప్పాక హెడ్ రంధ్రాలను శుభ్రమైన గుడ్డతో మూయాలి. మానిఫోల్డ్‌ను కార్బన్ క్లీనర్‌లోనో డీజిల్‌లోనో రాత్రంతా నానబెట్టి, చెక్క లేదా ప్లాస్టిక్ పుల్లతో గీకాలి. అల్యూమినియం మానిఫోల్డ్‌ను ఇంజిన్ బ్లాకులు ఉడికించే కాస్టిక్ తొట్టిలో వేయనివ్వకండి, లోహాన్నే తినేస్తుంది. బిగించేటప్పుడు గ్యాస్కెట్లు కొత్తవే.

"ఈజీఆర్‌కు రేకు వేసి మూసేద్దాం" అనే సలహా షెడ్డుల్లో మామూలైపోయింది. మసి ఆగడం నిజమే. దాంతోపాటు మంట వేడి, నైట్రోజన్ ఆక్సైడ్లు పెరుగుతాయి, సెన్సర్లున్న బండిలో లైటు వెలుగుతుంది. కాలుష్యం ఆపడానికి పెట్టిన పరికరాన్ని పని చేయకుండా చేయడం మోటారు వాహనాల చట్టం ఒప్పుకోదు. సెక్షన్ 190(2) కింద జరిమానా పది వేల రూపాయల దాకా ఉంది. సరిగ్గా తెరుచుకుని మూసుకునే ఈజీఆర్ లోడు మీద మూసుకునే ఉంటుంది, బలం తీసుకోదు. తెరుచుకుని ఇరుక్కుపోయినదే తీసుకుంటుంది. విప్పి, మసి తీసి, వాల్వ్ పూర్తిగా కూర్చుంటోందో చూసుకుంటే సరిపోతుంది.

స్కానర్ దగ్గరుంటే ఒక్క నిమిషం పని. తాళం ఆన్ చేసి ఇంజిన్ స్టార్ట్ చేయకుండా బూస్ట్ సెన్సర్ అంకె చూడండి. అది బయటి వాతావరణ పీడనమే చూపాలి: విజయవాడలో 100 కిలోపాస్కల్ దగ్గర, హైదరాబాద్‌లో ఎత్తు వల్ల 95 దగ్గర. 80 చూపిస్తే సెన్సర్ అబద్ధం చెబుతోంది, ఎక్కువసార్లు మసి పూడి. ఎయిర్ మాస్ సెన్సర్‌ను దానికోసమే ఉన్న స్ప్రేతో తప్ప దేనితోనూ తుడవకూడదు.

బయటికెళ్లే దారి

లోపలికి ఎంత పోయినా కాలింది బయటికి పోకపోతే కొత్త గాలికి చోటుండదు. సైలెన్సర్‌ను రబ్బరు సుత్తితో తట్టితే లోపలి పలకలు ఊడి గలగలలాడుతున్నాయేమో తెలుస్తుంది. గేజ్ పెట్టగలిగితే లోడు మీద వెనక ఒత్తిడి 3 పీఎస్‌ఐ దాటడం మంచిది కాదు. స్పీడ్ బ్రేకర్లకు తగిలి చదునైన పైపు, ఏళ్లుగా ఆయిల్ కాలి మూసుకుపోయిన క్యాటలిటిక్ కన్వర్టర్ ఎక్కువగా దొరికే దోషులు. టర్బోకు ముందు, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర నల్లటి మసి గీత కనిపిస్తే అది చిన్నదనుకోకండి. టర్బోను తిప్పాల్సిన బలం అక్కడే పోతోంది. సైలెన్సర్ పీకేసి ఖాళీ పైపు పెట్టడం వల్ల, పాతది మూసుకుపోయి లేకపోతే, చెవులకే తేడా తెలుస్తుంది.

ట్యాపెట్ గ్యాప్ (వాల్వ్ మీద వదిలే సందు) చేత్తో సెట్ చేసే ఇంజిన్లలో మాన్యువల్ చెప్పిన కిలోమీటర్లకు సందు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టి చూడాలి. ఎక్కువ గ్యాప్ టకటకమంటుంది, వాల్వ్ తక్కువ తెరుచుకుంటుంది. తక్కువ గ్యాప్ నిశ్శబ్దంగా ఉంటుంది కాబట్టి అదే ప్రమాదం: వాల్వ్ సీటు మీద పూర్తిగా కూర్చోక కాలిపోతుంది.

ఇదంతా అయ్యాకే డీజిల్ వైపు చేయి పెట్టాలి. గాలి సరిగ్గా ఉన్నా నల్లపొగ ఆగకపోతే నాజిళ్లు టెస్ట్ బెంచ్ మీద పెట్టించాలి, మెకానికల్ పంపైతే కాలిబ్రేషన్ కంపెనీ అంకెలకు తేవాలి. "పెంచిన" పంపు కొన్న పాత బండ్లలో చాలా ఉంటుంది, దాన్ని తగ్గించాకే మైలేజీ తిరిగొస్తుంది. అప్పటికీ ఇంకా బలం కావాలని ట్యూనింగ్‌కు వెళ్లేవారు టర్బోకు ముందు టెంపరేచర్ ప్రోబ్ పెట్టించుకోవాలి. అక్కడ 700 డిగ్రీలు దాటి నిలిచిపోతుంటే పిస్టన్ అల్యూమినియం, హెడ్ రెండూ అపాయంలో ఉన్నట్టే. ఎత్తుకు వెళ్లేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి: 900 మీటర్ల ఎత్తున్న అరకులో గాలి పీడనం సముద్ర మట్టం కన్నా పదోవంతు తక్కువ. విశాఖలో పొగ రాకుండా సెట్ చేసిన పంపు అనంతగిరి ఘాట్ ఎక్కేసరికి పొగ తోలడానికి అదే కారణం.

ఒక్కో పని తర్వాత విడిగా కొలుచుకోవాలి, ఒకేసారి నాలుగు పనులు చేయిస్తే ఏది పనిచేసిందో తెలియదు. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ కావచ్చు, మీ ఊరి దగ్గరి ఫ్లైఓవర్ కావచ్చు, ఒకే ఎత్తు ఎంచుకోండి. కాటా వేసిన ఒకే బరువు, ఒకే గేరు, పొద్దున్నే ఒకే వేళ. కింది మైలురాయి దగ్గర 30 కిలోమీటర్ల వేగంతో మొదలుపెట్టి పై మైలురాయి దగ్గర మీటరు ఎంత చూపిందో, ట్యూబులో నీటి తేడా ఎంతో, పొగ ఎక్కడ మొదలైందో ఒక నోటుబుక్కులో రాసి డ్యాష్‌బోర్డులో పెట్టుకోండి. ఆరు నెలల తర్వాత అదే ఎత్తు మీద ఆ అంకె రెండు మూడు కిలోమీటర్లు పడిపోయినప్పుడు, మొదట విప్పాల్సింది ఫిల్టర్ డబ్బా మూతే.